ఎనిమిదో వాడికి ఉద్వాసన

2025 ఆగస్టు 26 మంగళవారం నాడు టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో రెండు ముఖ్య ఘట్టాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. మొదటిది వినాయక చవితి. ఇండియాలో పండుగ బుధవారమే అయినా, తిథి మా దగ్గర మంగళవారం తెల్లవారుజామునే మొదలైపోవడంతో మేము ఒక రోజు ముందే పత్రి వెతుక్కోవలసి వచ్చింది. రెండోది, డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మధ్యాహ్నం మూడు గంటల గడువులోగా తన ఆటగాళ్ళను 90 మంది నుంచి 53 మందికి కుదించింది. అలా ఇంటిదారి పట్టినవాళ్ళలో ఒక రిజర్వు లైన్‌మన్ కూడా ఉన్నాడు.

మా మిత్రుడి ఇంట్లో వినాయకుడి పూజ గంటన్నరలో ముగిసింది. లైన్‌మన్ మీద చర్చకు మూడు రోజులు పట్టింది. ఇంత విలువైన చర్చ గాలికి పోకూడదన్న బాధ్యతతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ లైన్‌మన్ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. మర్యాద కోసమని మీరు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. నిజానికి మూడు రోజుల్లో ఏ ఒక్కరూ ఆ పేరు పలకలేదు. చొక్కా మీది అంకె 72 అని ఒక వర్గం, 76 అని ఒక వర్గం పట్టుబట్టాయి. లైన్‌మెన్‌కు 50 నుంచి 79 లోపు అంకెలే ఇస్తారు కాబట్టి ఇద్దరూ న్యాయంగానే పొరబడ్డారని సర్దిచెప్పి, అతన్ని "మనవాడు" అని పిలుచుకుందామని తీర్మానించుకున్నాం. తీసేసిన మరుక్షణం నుంచి అతను మనవాడే. అంతకుముందు ఎవరివాడో తెలియదు.

చర్చకు మొదటి విఘ్నం విఘ్నేశ్వరుడి ఎదుటే వచ్చింది. ఇంటాయన తండ్రిగారు తెనాలి నుంచి ఆరు నెలల కోసం వచ్చి ఉన్నారు. కరెంటు ఆఫీసులో ఏఈగా రిటైరైన మనిషి. "లైన్‌మన్‌ను తీసేశారు" అన్న మాట చెవిన పడగానే ఆయన చేతిలోని దూర్వాయుగ్మం జారిపోయింది.

"పండగపూట తీసేశారా? మరి ఈ ఏరియా ఎవరు చూస్తున్నారు?"

ఇది ఆ లైన్‌మన్ కాదనీ, ఇతను స్తంభం ఎక్కడనీ, స్తంభంలా నిలబడతాడనీ కొడుకు నచ్చజెప్పాడు. ఫుట్‌బాల్ అని పేరు పెట్టుకుని చేత్తో ఆడే ఈ ఆటలో మధ్యన ఒకడు, అటూ ఇటూ ఇద్దరు చొప్పున ఐదుగురు బరిలో గోడ కడతారు. సాధారణంగా ఒక్కొక్కరు 300 పౌండ్లు, అంటే 136 కిలోలకు తక్కువ తూగరు. వెనక ఉండి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అవతలివాళ్ళు రాకుండా ఆపడమే వాళ్ళ పని. బంతి పట్టుకోకూడదు, పరిగెత్తకూడదు, పేరు తెచ్చుకోకూడదు. ఆ ఐదుగురికీ ఏదైనా అయితే దిగడానికి మరో ముగ్గురు ఉంటారు. మనవాడు ఆ ముగ్గురిలో మూడోవాడు.

పెద్దాయన శ్రద్ధగా విన్నారు. "మా సర్వీసులో ఒక లైన్‌మన్‌ను తీసెయ్యాలంటే మెమో ఇవ్వాలి. సంజాయిషీ తీసుకోవాలి. ఎంక్వయిరీ వెయ్యాలి. ఈలోగా యూనియన్ వాళ్ళు గేటు ముందు టెంటు వేస్తారు. టెంటు తీసేలోపు అతను రిటైరవుతాడు. ఇక్కడ ఎన్నాళ్ళు పడుతుంది?"

నిజానికి ఇక్కడ ఆ కార్యక్రమానికి రెండు నిమిషాలు చాలు. ప్రతి జట్టులోనూ ఈ పనికి ఒక మనిషి ఉంటాడు. అతన్ని ఆటగాళ్ళు 'టర్క్' అంటారు. ఆ రోజు అతను నడవాలో కనిపిస్తే 136 కిలోల మనుషులు స్నానాల గదుల్లో దాక్కుంటారు. భుజం తట్టి, "కోచ్ రమ్మంటున్నాడు, ప్లేబుక్ కూడా తీసుకురా" అంటాడు. మొదటి సగం వినగానే గుండె జారుతుంది, రెండో సగంతో అనుమానం తీరుతుంది. ఎత్తుగడలన్నీ రాసి ఉండే ఆ పుస్తకం ఒకప్పుడు లావుపాటి ఫైలు, ఇప్పుడు ట్యాబ్లెట్. ఏదైనా సరే, సంస్థ సొత్తు, అప్పగించి వెళ్ళాలి. 32 జట్లు, ఒక్కొక్క దాంట్లోంచి 37 మంది. గుణిస్తే 1,184. ఒక్క గడువులోగా.

ఆ వేళకు మా పిల్లలు లెక్కల పుస్తకాలకు పసుపు పూసి, బొట్టు పెట్టి, స్వామి ముందు వరుసగా పేరుస్తున్నారు.

ఇంటాయన పట్టుపంచె మీద పదకొండో నంబరు నీలం జెర్సీ వేసుకుని పీటల మీద కూర్చున్నాడు. అది మైకా పార్సన్స్ అంకె. జట్టు మొత్తంలో ఎవరిని కదిపినా ఆయన్ని కదపరన్న ధీమాతో కొన్న జెర్సీ. కథ చదువుతున్నంతసేపూ ఒక చేతిలో అక్షింతలు, ఒక చేతిలో ఫోను. సత్రాజిత్తు శమంతకమణి ఇవ్వనన్నాడు, ప్రసేనుణ్ణి సింహం చంపింది, నింద మాత్రం కృష్ణుడి మీద పడింది అనే ఘట్టానికి వచ్చేసరికి మా తోడల్లుడికి జ్ఞానోదయమైంది.

"మనవాడు పోయినేడు చవితి చంద్రుణ్ణి చూసి ఉంటాడండీ."

నవ్వకండి. ఈ ఆటలో లైన్‌మన్ బతుకంతా నీలాపనిందే. అరవై సార్లు కొండలాంటి మనిషిని ఆపితే ఎవడూ పట్టించుకోడు. అరవై ఒకటోసారి అవతలివాడి చొక్కా వేలికి తగులుకుంటే రిఫరీ పసుపు గుడ్డ విసిరి, మైకు తీసుకుని, "హోల్డింగ్" అని అంకెతో సహా స్టేడియం అంతటికీ చాటి చెబుతాడు. పది గజాలు వెనక్కి. కష్టపడి వచ్చినంత దూరం పోయిందని ఎనభై వేలమంది ఒక్క గొంతుతో తిడతారు. అతని అంకె జనం వినేది ఆ ఒక్కసారే.

ఈ విషయంలో చరిత్ర కూడా మా తోడల్లుడి పక్షానే ఉంది. 2023 డిసెంబరు 30న ఇక్కడికి దగ్గరలోని ఆర్లింగ్టన్‌లో డెట్రాయిట్ లయన్స్‌తో మ్యాచ్. ఇంకా 23 సెకన్లు ఉండగా లయన్స్ టచ్‌డౌన్ చేసి, అంటే బంతిని కొస గీత దాటించి, 20-19తో ఒక్క పాయింటు వెనక నిలిచారు. టచ్‌డౌన్ తరవాత దొరికే అదనపు అవకాశంలో, గెలుపు కోసం రెండు పాయింట్ల ఎత్తుగడ వేశారు. ఇందులో కిటుకు ఏమిటంటే, బంతి ముట్టకూడని లైన్‌మన్ కూడా ముందుగా రిఫరీకి విన్నవించుకుంటే బంతి పట్టవచ్చు. ముగ్గురు లైన్‌మెన్ కలిసి రిఫరీ వైపు నడిచారు, అవతలివాళ్ళకు ఎవరు విన్నవించుకున్నారో తెలియకూడదని. అవతలివాళ్ళ సంగతేమో గానీ రిఫరీకే తెలియలేదు. 68వ నంబరు టేలర్ డెకర్ బంతి పట్టాడు, గెలిచామని గంతులేశాడు. కానీ రిఫరీ ప్రకటించింది 70వ నంబరు. ఆ పాయింట్లు చెల్లవన్నారు. డాలస్ గెలిచింది.

ఆ 70వ నంబరు డాన్ స్కిపర్. ఆరడుగుల తొమ్మిది అంగుళాల రిజర్వు లైన్‌మన్. తీసెయ్యడం, మళ్ళీ పెట్టుకోవడం, మళ్ళీ తీసెయ్యడం అనే కాలచక్రంలో ఏళ్ళ తరబడి తిరిగినవాడు. 2017లో, జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను పంచుకునే డ్రాఫ్టులో ఏ జట్టూ ఎంచుకోకపోతే, చేరదీసి సీజను మొదలుకాకముందే తీసేసింది సాక్షాత్తూ మన డాలసే. అలాంటివాడు ఆరేళ్ళ తరవాత డాలస్ గడ్డ మీద, ఏమీ చెయ్యకుండా, కేవలం నడుచుకుంటూ వచ్చి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. కృష్ణుడు కనీసం అడవికి వెళ్ళి జాంబవంతుడితో పోరాడి మణి తెచ్చి నింద పోగొట్టుకున్నాడు. లైన్‌మన్‌కు ఆ సదుపాయం కూడా లేదు.

పులిహోర వడ్డించాక అసలు వాదం మొదలైంది.

తీసెయ్యడమే న్యాయమన్న పక్షానికి మా సాఫ్ట్‌వేర్ డెలివరీ మేనేజరు గారు నాయకత్వం వహించారు. సౌమ్యులు. ఉండ్రాళ్ళు కూడా రెండు ముక్కలు చేసుకుని తింటారు. ఆ సాయంత్రం మాత్రం కాగితం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఉద్వేగమన్నది లేకుండా వాదించారు. ప్రతి బృందంలోనూ అడుగున ఒక పది శాతం ఉండి తీరుతుందట. అది ఎవరి తప్పూ కాదట, బెల్ కర్వ్ అనే వంపు గీత స్వభావమే అంతట. మనవాడు మంచివాడు కావచ్చు, కానీ మంచితనానికి గడి లేదట. అతను చేసే పనిని అంతకంటే చవకగా చేసే ఇరవై రెండేళ్ళ కుర్రాడు సిద్ధంగా ఉన్నప్పుడు, జట్టును తప్పుపట్టడం భావోద్వేగమే తప్ప విశ్లేషణ కాదట. "వ్యక్తిగతంగా తీసుకోకూడదు," అన్నారు ముగింపుగా. తీసుకోవలసిన వ్యక్తి అక్కడ లేడు కాబట్టి ఎవరూ తీసుకోలేదు.

ఖర్చు సంగతి కూడా ఆయనే ఎత్తారు. 2025 సీజనుకు ఒక్కో జట్టు జీతాల పరిమితి 27 కోట్ల 92 లక్షల డాలర్లు. కొత్తగా వచ్చిన ఆటగాడి కనీస జీతం 8 లక్షల 40 వేలు. సర్వీసు ఉన్న మనవాడికి ఇంకో రెండు మూడు లక్షలు ఎక్కువ పడుతుంది. ఆ తేడాను జట్టు మిగుల్చుకుంది. ఈ జట్టును జెర్రీ జోన్స్ 1989లో 14 కోట్ల డాలర్లకు కొన్నాడు. 2025 నాటి ఫోర్బ్స్ లెక్కలో దాని విలువ 1,300 కోట్ల డాలర్లు. రైతుబజారులో కారు దిగి వచ్చి కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి తగ్గించమనే పెద్దమనిషిని మనం చూడలేదా? రూపాయి కోసం కాదు, అలవాటు తప్పిపోకూడదని.

రెండో పక్షం మా తోడల్లుడిది. ఆయన డేటాబేస్ మనిషి, పదిహేనేళ్ళుగా అర్ధరాత్రి ఫోన్లకు లేచే వృత్తిలో ఉన్నాడు. మనవాడు మధ్యలో నిలబడగలడు, పక్కన నిలబడగలడు, కొస నిలబడగలడు, ఇన్ని చోట్ల పనికొచ్చేవాణ్ణి ఎలా పోగొట్టుకుంటారని ఆయన వాదన. దానికి మేనేజరు గారు, "అన్నిచోట్లా పనికొస్తాడంటే ఏ ఒక్క చోటా తప్పనిసరి కాదనే కదా అర్థం?" అన్నారు. మా తోడల్లుడు ఆ మాటకు జవాబు చెప్పలేదు. ఆవకాయ కలుపుకున్నాడు.

ఈ దశలో ఇంటాయన కొడుకు ఒక మాట అన్నాడు. పదో తరగతి పిల్లవాడు. స్కూలు బ్యాండులో తనకంటే పెద్దదైన ఇత్తడి వాయిద్యం మోసుకుంటూ ప్రతి శుక్రవారం రాత్రి మైదానం పక్కనే ఉంటాడు. ఆ గదిలో ఈ ఆటను దగ్గరనుంచి చూసినవాడు వాడొక్కడే.

"ఎనిమిది మంది లైన్‌మెన్‌ను బట్టలేసి కూర్చోబెడితేనే మ్యాచ్ రోజు 48 మందిని దించవచ్చు నాన్నా. 2020లో లీగుకూ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన ఒప్పందంలో అలా రాసుకున్నారు. ఎనిమిదోవాడు లేకపోతే ఇంకో మనిషిని కూడా తగ్గించుకోవాలి."

అంటే మనవాడు బరిలోకి దిగకపోయినా, బల్ల మీద కూర్చుంటే చాలు, ఇంకొకడికి చోటు దొరుకుతుంది. అతని కొలువుకు ఆధారం అతని కండ కాదు, ఒక నిబంధన. మూడు రోజుల్లో వినిపించిన ఒకే ఒక్క పనికొచ్చే మాట ఇది. కాబట్టి, "పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, వెళ్ళి అందరికీ వడపప్పు పెట్టు," అని వాణ్ణి పంపేశారు.

పెద్దాయన మాత్రం ఆ మాట పట్టుకున్నారు. "మా సెక్షనులోనూ ఒకడుండేవాడు. పగలంతా సబ్‌స్టేషన్ అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. పనికిమాలినవాడని అందరూ అనేవాళ్ళు. తుపాను రాత్రి మాత్రం వాడి ఇంటికే మనిషిని పంపేవాళ్ళం." ఆ తరవాత ఏమైందని ఎవరూ అడగలేదు. ఎవరో కుడికాలి మడమ గాయం ప్రస్తావన తెచ్చారు. మనవాడికి కుడికాలి మడమ గాయం ఉందో లేదో తెలియకపోయినా, పావుగంట దాని మీద నడిచింది.

జెర్రీ జోన్స్‌కు ఒక వినతిపత్రం పంపాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. జట్టు కార్యాలయం ఫ్రిస్కోలోనే ఉంది, 91 ఎకరాల ఆవరణ, కావాలంటే నడిచి వెళ్ళి ఇచ్చి రావచ్చు. చిత్తుప్రతి కూడా సిద్ధమైంది. మొదటి సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గర మాత్రం గది నిశ్శబ్దమైపోయింది. "వీసా మీద ఉన్నవాళ్ళం, ఇలాంటి వాటిలో మన పేరెందుకండీ," అని ఒకరు మెల్లగా అన్నారు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళు పౌరసత్వం వచ్చాక చూద్దామన్నారు. పౌరసత్వం ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళే వేళయిందన్నారు. ఆ కాగితంలో మిగిలిన ఉండ్రాళ్ళు పొట్లం కట్టి ఇచ్చారు.

బుధవారం నాడు సమావేశం ఫోనులో, డాలస్ నార్త్ టోల్‌వే మీద ఎవరి కారులో వాళ్ళు ఇరుక్కుని ఉండగా జరిగింది. నాలుగేళ్ళ సర్వీసు నిండని ఆటగాణ్ణి తీసేస్తే, అతను మిగతా 31 జట్ల ముందు దాదాపు ఒక రోజు నిలబడాలి. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం, అంటే ఆసారి టెనెసీ వాళ్ళకు. వాళ్ళు వద్దంటే ఆ పైవాళ్ళు, వాళ్ళూ వద్దంటే ఇంకా పైవాళ్ళు. పెళ్ళిచూపుల్లో ముప్ఫై ఒక్క ఇళ్ళవాళ్ళు కాఫీ తాగి, "కబురు చేస్తాం" అని లేచి వెళ్ళడం లాంటిదే. మనలో వీసా మీద ఉండి ఉద్యోగం పోయినవాళ్ళకు కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులు ఇస్తారు, ఇతనికి ఒక్క రోజు కూడా పూర్తిగా లేదని మా తోడల్లుడు బాధపడ్డాడు. "కానీ ఇతన్ని దేశం వదిలి వెళ్ళమనరు కదా," అన్నారు మేనేజరు గారు. టోల్‌వే మీద కాసేపు హారన్లు తప్ప ఏమీ వినపడలేదు.

మధ్యాహ్నానికి కబురు రానే వచ్చింది. ముప్ఫై ఒక్కరూ వద్దన్నారు. మనవాణ్ణి మన జట్టే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తిరిగి తీసుకుంది. ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే మనకు కొత్త కాదు, అది బెంచి. మన కన్సల్టెన్సీల బెంచి మీద గెస్ట్‌హౌసులో పప్పుచారు, పరుపుకు ఇద్దరు, రోజుకో ఇంటర్వ్యూ. వాళ్ళ బెంచి మీద కుర్రవాళ్ళకైతే 2025లో వారానికి 13,000 డాలర్లు, కాస్త సర్వీసు ఉంటే ఇంకా ఎక్కువ. వారమంతా నెట్టించుకోవాలి, ఆదివారం నాడు బట్టలు వేసుకోకూడదు. అవసరం పడితే పిలుస్తారు, అవసరం తీరితే పంపుతారు.

ఈ వార్త కమిటీని తీవ్రంగా నొప్పించింది. తీసెయ్యడం సరైనదే అన్నవాళ్ళకు మళ్ళీ పెట్టుకోవడం అవమానంగా తోచింది. తీసెయ్యకూడదన్నవాళ్ళకు, తమ వాదనలు ఒక్కటీ వినకుండా తమ కోరిక తీర్చడం ఇంకా పెద్ద అవమానంగా తోచింది. చర్చ గురువారానికి వాయిదా పడింది.

గురువారం, ఆగస్టు 28. మూడోరోజు కాబట్టి స్వామికి ఉద్వాసన. ఈ మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను. దేవుణ్ణి పూజించి, నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చి, పీఠం మీద నుంచి ఒక్క పిసరు కదిపితే దాన్నీ ఉద్వాసన అంటాం. మనిషిని కుర్చీలోంచి కదిపి వీధిలో నిలబెడితే దాన్నీ ఉద్వాసనే అంటాం. పత్రికలవాళ్ళు మంత్రులకూ గుమాస్తాలకూ రోజూ పలుకుతూనే ఉంటారు. తేడా ఒక్కటే, దేవుడికి 'పునరాగమనాయ చ' అని చివర్లో ఒక ముక్క కలుపుతాం, మళ్ళీ రా నాయనా అని. ఆ ముక్క మనవాడి విషయంలో ఇరవై నాలుగు గంటల్లోనే నిజమైంది. వినాయకుడికి ఏడాది పడుతుంది.

పురోహితుడు రాలేదు, ఇంటాయనే పుస్తకం చూసి చదివాడు. పంచె మీద ఈసారి మామూలు లాల్చీ. ఆ మధ్యాహ్నమే జట్టు మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చేసింది. బదులుగా రెండు మొదటి రౌండు డ్రాఫ్టు అవకాశాలు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు. అక్కడ ఆయనకు నాలుగేళ్ళకు 18 కోట్ల 80 లక్షల డాలర్లట. ఊరంతా అట్టుడికిపోతోంది. టీవీల్లో పెద్దమనుషులు గుండెలు బాదుకుంటున్నారు. కమిటీ ఈ విషయాన్ని గమనంలోకి తీసుకుంది, కానీ మొదటి అంశం ఇంకా తేలలేదు కాబట్టి దీన్ని రెండో అంశంగా చేర్చి, వ్యవధి లేనందువల్ల చేపట్టలేదు. పదకొండో నంబరు జెర్సీ వంటింటి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ కనిపించింది. దానితో వేడి గిన్నెలు దించుతున్నట్టున్నారు.

మట్టి వినాయకుణ్ణి పెరట్లో బకెట్‌లో నిమజ్జనం చేశారు. పిల్లలు చుట్టూ మూగారు. "ఆ లైన్‌మన్ మళ్ళీ డ్యూటీలో చేరాడటగా," అన్నారు పెద్దాయన నాతో, ఎంతో నిశ్చింతగా.

నేను చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాను. డెలివరీ మేనేజరు గారు భోజనాల బల్ల దగ్గర ఒంటరిగా, ఆఫీసు లాప్‌టాప్ మూత మీద కుంకుమ మరక తుడుస్తున్నారు. చవితినాడు పిల్లల పుస్తకాల పక్కన దాన్నీ స్వామి ముందు పెట్టి, ఆయనే మూడు వేళ్ళతో పసుపు రాసి బొట్టు పెట్టుకున్నారు. పసుపు పోయింది గానీ ఎరుపు పోవడం లేదు. తడిగుడ్డ అయింది, చేతులకు రాసుకునే శానిటైజరు అయింది, ఇప్పుడు కొబ్బరినూనెలో ముంచిన దూది.

"ఉండనివ్వండి అన్నయ్యగారూ, మంచిదేగా," అంది ఇంటావిడ.

"కంపెనీదమ్మా," అన్నారాయన తలెత్తకుండా. "వెనక్కి ఇచ్చేటప్పుడు మరకలుంటే ఊరుకోరు."

"ఎప్పుడు ఇవ్వాలి?"

"అది వాళ్ళు చెబుతారు," అని, దూది తిరగేసి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టారు.